పేరు పెట్టి పిలిచిన రోజు

2131 ఫిబ్రవరి 5, సోమవారం

కరెంటిచ్చే ఎండ పలకలు ఆరూ ఉప్పు పోయేదాకా తుడిచాను. మంచినీళ్ళ జాడీలు మూడు నిండాయి, నాలుగోది సగం. సావిడాయి చేపలు బుట్టన్నర ఎండబెట్టాను. నాచుమడిలో కలుపు తీశాను. ఆయన తెల్ల చొక్కా ఉతికి ఇస్త్రీ చేశాను. కూర: ములక్కాడ, ఎండురొయ్యలు. మిగిలిన పని: మా ఎగిరే బండి తూనీగ రెక్కలకు నూనెగుడ్డ పెట్టడం. అది ఆయన పని. గట్టు మీద మెడికల్ పరీక్ష చేయించుకుని తిరిగొచ్చాక పెడతానన్నారు.

తిరిగొచ్చారు గాని తూనీగలో రాలేదు. ఎవరో పడవ ఎక్కించి పంపారు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. అంటే డాక్టరు విప్పించి చూశాడన్నమాట.

"ఏమన్నాడండీ?"

"నా గుండె మంచిదేనంట. కాకపోతే తాళం తప్పుతోందంట. వాయించి వాయించి మధ్యలో ఓ దెబ్బ ఎగ్గొడతందంట. మందులేసుకుంటే సద్దుకుంటదంటలే. ఏడాది దాకా తూనీగ ముట్టుకోవద్దన్నాడు."

"మందులిచ్చాడా?"

"ఇచ్చాడు. చేదుగా ఉంటాయన్నాడు. నీ కాకరకాయ పులుసు తిన్నోణ్ణి, నాకదో లెక్కా అన్నాను."

ఆయన నవ్వుతూనే చెప్పారు. నేను మాత్రం మందుల వేళలు గోడ మీద రాసి, ఆ తర్వాత కూర్చున్నాను.

ఈ పుస్తకం మా తర్వాత ఈ పదకొండో గూటికి వచ్చేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. వాళ్ళ కోసం ఒక మాట. నీళ్ళ మీద తేలే ఈ గూళ్ళలో కాపురం ఉండాలంటే, ప్రతి గూటిలో ఒంటరిగా తూనీగ నడపగల మనిషి ఒకరైనా ఉండాలి. తుఫాను వచ్చినా, పురుడు వచ్చినా గట్టుకి చేరాలి కదా. ఏటా మార్చి 31న గూళ్ళ లెక్క జరుగుతుంది. ఆ రోజుకి ఎగిరే మనిషి లేని ఇల్లు ఖాళీ చేసి గట్టు మీది కాలనీకి వెళ్ళిపోవాలి. మాకు పిల్లలు లేరు. మా ఇంట్లో ఎగిరే మనిషి ఆయనొక్కరే.

"పూర్తి సర్టిఫికెట్టే కావాలా?" అని అడిగాను.

"విద్యార్థి సర్టిఫికెట్టయినా పర్లేదు, ఒంటరిగా ఎగిరినట్టు గురువు సంతకం ఉంటే. కానీ మనింట్లో విద్యార్థులెవరున్నారే?"

"నేను లేనా?"

ఆయన చేతిలో టీ ఒలికింది. ఆ చొక్కా మీదే. రేపటి పనుల్లో ఆ చొక్కా మళ్ళీ చేరింది.

ఫిబ్రవరి 7, బుధవారం

చొక్కా ఉతికాను. మరక పూర్తిగా పోలేదు. పలకలు తుడిచాను. వంట పొద్దున్నే ముగించి నాలుగో గూటికి వెళ్ళాను.

నాలుగో గూటి రత్నకుమారి ఎగరడం నేర్పుతుంది. వాళ్ళమ్మా నేనూ ఒకే ఏడు ఈ నీళ్ళ మీదికి కాపురానికొచ్చాం. ఆ పిల్లకి ముప్పై కూడా లేవు, నోరు మాత్రం మూరెడు.

"ముందు షరతులు చూద్దాం పిన్నీ. పదహారేళ్ళు నిండాయా?"

"మూడుసార్లు నిండాయి."

"చదవటం, రాయటం, మాటాడటం, ఎదుటోళ్ళు చెప్పింది అర్థం చేసుకోటం వచ్చా?"

"నాలుగోది మీ బాబాయితో ముప్పై ఏళ్ళనుంచి చేస్తున్నాను."

"అయితే పాసే." నవ్వి, వేళ్ళు మడిచి చెప్పింది. "పక్కన నేనుంటే ఏ కాగితం లేకపోయినా నేర్చుకోవచ్చు. ఒక్కదానివే ఎగరాలంటే మాత్రం ముందు మెడికల్, తర్వాత విద్యార్థి సర్టిఫికెట్టు, ఆ తర్వాత నా సంతకం. వరస తప్పకూడదు. మెడికల్ లేకుండా నీకు నేను సంతకం పెడితే నా సర్టిఫికెట్టు కూడా పోద్ది."

"పోపు వేగకుండా పప్పు పొయ్యకూడదు, అంతే కదా."

"అంతే."

తూనీగలో కూర్చోబెట్టింది. నడిపే కర్ర రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. తూనీగ పిచ్చిపట్టిన మేకలా కిందికీ పైకీ గెంతింది.

"పప్పు ఎనపమాక పిన్నీ! పాలు పొంగబోతుంటే గరిటె తిప్పుతావే, అలాగ. రెండు వేళ్ళతో."

అలా చెప్పాక అర్థమైంది. రెండోసారికి తూనీగ బుద్ధిగా సాగింది. పైనుంచి మా గూడు అరచేతిలో పట్టేంత ఉంది. ఎండబెట్టిన చేపలు బియ్యపు గింజల్లా కనిపించాయి. ఒక వరుస వంకరగా వేశానని అప్పుడే తెలిసింది.

దిగాక విద్యార్థుల పుస్తకం చేతిలో పెట్టింది. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంది: ఎగిరేటప్పుడు బిళ్ళ మెడలో ఉండాలి. అవసరం లేకుండా పేరు పలకరాదు.

ఇది మాకు కొత్త కాదు. మా గూళ్ళలో ఉండే అందరి మెడలోనూ బిళ్ళ ఉంటుంది. మన గొంతుతో ఎవరి పేరు పలికితే వాళ్ళ మెడలోని బిళ్ళ మోగుతుంది, మనం ఎక్కడున్నామో చూపిస్తుంది. పేరు పెట్టి పిలిచామంటే ఆపదలో ఉన్నామని. వాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలి వచ్చేస్తారు. అందుకే మామూలుగా ఎవరినీ పేరుతో పిలవం. పిన్నీ, బాబాయ్, మామ్మా, లేదంటే మూడో గూడు, ఏడో గూడు. కొత్త దంపతుల చేత గడప దగ్గర పేర్లు చెప్పించే ముచ్చట కూడా మా దగ్గర లేదు. ఈ పుస్తకంలో రాయడం వేరు, కాగితానికి గొంతు లేదు కదా.

ఫిబ్రవరి 13, మంగళవారం

పనులు: వంట మాత్రమే. మిగతావి ఆయనకి అప్పగించాను. ఎండు చేపలు తిరగేయడం మర్చిపోయారు.

రత్నకుమారి తూనీగలో గట్టుకి వెళ్ళి మెడికల్ పరీక్షకి హాజరయ్యాను. వైద్యశాల మూడో అంతస్తులో ఉంది. గూళ్ళలో మెట్లు ఉండవు. పైకి చేరేసరికి నా రక్తపోటు చూసి నర్సు కంగారుపడింది. డాక్టరు కృపానిధి గారు పెద్దాయన, తొందర లేని మనిషి. కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మళ్ళీ చూశారు, దిగింది. దూరపు చూపు బాగుంది. దగ్గరి చూపుకి కళ్ళద్దాలు ఉండాలని రాసుకున్నారు. రంగుల పరీక్షలో ఒక్కటీ తప్పలేదు. చీరలు కొనే మనిషికి అదేం కష్టం?

చెవుల పరీక్షకి ముందు నర్సు నగలు తీసి పళ్ళెంలో పెట్టమంది. గాజులు, దుద్దులు పెట్టాను. పుస్తెలతాడు తీయనన్నాను. ఉంచుకోండి ఫర్వాలేదంది. మా గూళ్ళలో పెళ్ళయిన ఆడవాళ్ళం బిళ్ళని కూడా తాడుకే గుచ్చుకుంటాం.

"నాకు వీపు పెట్టి ఆరడుగుల దూరంలో నిలబడండమ్మా. మామూలు గొంతుతో ఎనిమిది పేర్లు చెప్తాను. ఎగిరేవాళ్ళు ముఖ్యంగా వినాల్సింది పేర్లే కదా. మీ గూళ్ళ జాబితాలోంచే తీశాను. విన్నది విన్నట్టు చెప్పండి."

తిరిగి నిలబడ్డాను.

"తాతాజీ," అన్నారు.

తాతాజీ మా ఏడో గూటి పిల్లాడు. ఆ వేళప్పుడు నడి నీళ్ళలో వల మీద ఉంటాడు. పేరు నా నాలుక మీదికొచ్చి ఆగిపోయింది. నేను పలికితే వల కోసి పారేసి గట్టుదాకా ఎగిరొస్తాడు. డాక్టరు గారికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? అప్పుడు వెలిగింది నాకు. పుస్తకం మొదటి పేజీలో ఉన్న మాట నేను పాటిస్తానో లేదో చూస్తున్నారు! విన్నది విన్నట్టు చెప్పమని ఉసిగొల్పి, నోరు జారుతుందేమో కనిపెడుతున్నారు.

పెదవులు బిగించాను. ఆయన మళ్ళీ చెప్పారు, కొంచెం గట్టిగా. నేను గోడవైపు చూస్తూ ఉన్నాను. ఎనిమిది పేర్లూ స్పష్టంగా విన్నాను, ఎనిమిదీ మింగేశాను.

ఇటు తిరిగేసరికి ఆయన నావైపు ఎంతో జాలిగా చూస్తున్నారు. నేను దాన్ని గౌరవం అనుకున్నాను.

"ఇంటికి. వెళ్ళండి," అన్నారు, చేతులు తిప్పుతూ, గట్టిగా. "ఉత్తరం. వస్తుంది. బాధ. పడకండి."

గట్టు మీద పెద్దవాళ్ళు ఇలా విడదీసి మాట్లాడతారు కాబోలనుకున్నాను. మర్యాద కోసం నేనూ అలాగే చెప్పాను. "మంచిది. అండి. ఉంటాను. అండి."

కింద రత్నకుమారి ఎలా జరిగిందని అడిగింది. ఎనిమిదికి ఎనిమిది అన్నాను. ఇద్దరం జిలేబీ తిని వచ్చాం.

ఫిబ్రవరి 20, మంగళవారం

పలకలు తుడవలేదు. జాడీలు చూడలేదు. అన్నం అడుగంటింది.

ఉత్తరం వచ్చింది. "రెండు చెవులా మామూలు మాట వినపడుట లేదు. ఎదుటివారి పెదవులు చూసి గ్రహించే నైపుణ్యం అసాధారణం. మెడికల్ సర్టిఫికెట్ నిరాకరించడమైనది."

ఆయన రెండుసార్లు చదివారు. "నీకు చెవుడా? ముప్పై ఏళ్ళుగా నేను తలగడలో మొహం పెట్టుకుని గొణిగింది కూడా వినేశావు కదే!"

రత్నకుమారి పరుగున వచ్చింది. నేను జరిగింది జరిగినట్టు చెబుతుంటే మొదట నోరు తెరిచింది, తర్వాత కడుపు పట్టుకుని నేల మీద కూర్చుంది.

"బిళ్ళ తీసెయ్యలేదా పిన్నీ? మెడ వెచ్చదనం తగలకపోతే అది నిద్రపోద్ది. మేమందరం నగలతో పాటు పళ్ళెంలో పడేసి, పేర్లన్నీ గడగడా చెప్పేసి వచ్చేస్తాం."

"తాడు ఎలా తీస్తానే?"

నవ్వు ఆపేసింది. "నాకు తోచనేలేదు పిన్నీ. నీ ఈడు వాళ్ళు పరీక్షకి వెళ్ళటం ఇదే మొదలు. నాది తప్పు."

"ఎవరి తప్పో తర్వాత చూద్దాం. మళ్ళీ పరీక్షకి వెళ్తే?"

మామూలు పరీక్షకి మళ్ళీ దరఖాస్తు పెట్టాలంటే రెండు నెలలు ఆగాలట. అంటే ఏప్రిల్ చివర. మార్చి 31 ముందే వచ్చేస్తుంది.

కూర్చుని డాక్టరు గారికి ఉత్తరం రాశాను. బిళ్ళ సంగతి, తాతాజీ వల సంగతి, నేను పొరపడిన సంగతి, అన్నీ. చెవుల గురించి అనుమానముంటే మా ఆయన్ని అడగమని కూడా రాశాను.

మార్చి 2, శుక్రవారం

పలకలు ఆరూ తుడిచాను. నాచు కోశాను. రత్నకుమారితో రెండు విడతలు ఎగిరాను. రెండోసారి నీళ్ళ మీదికి దింపితే చిలకరింపు కూడా లేదు. ఆ పిల్ల ఈల వేసింది.

డాక్టరు గారి జవాబు వచ్చింది. చక్కటి దస్తూరీ. "అమ్మా, మీ ఆచారాన్ని గౌరవిస్తాను. అయితే ఇరవై ఏళ్ళలో మీ గూళ్ళవాళ్ళు ఎందరో నా ముందు పేర్లు పలికారు, ఎవరూ ఎగిరి రాలేదు. రాసింది ఉత్తరం చూసి చెరిపే అధికారం నాకు లేదు. లోపం ఉన్నా పని చేయగలమని చేసి చూపించే పరీక్ష ఒకటి నిబంధనల్లో ఉంది. మీరు తూనీగ నడుపుతుంటే వెనక కూర్చుని మామూలు గొంతుతో పేర్లు చెబుతాను. తిరిగి చెప్పగలిగితే సర్టిఫికెట్ ఇస్తాను. 26న వస్తాను."

ఆయన ఎగిరి గంతేయబోయి, గుండె గుర్తొచ్చి మానుకున్నారు. నేను గంతేయలేదు. నేల మీదైతే బిళ్ళ తీసేయొచ్చు. గాలిలో తీయకూడదు, మొదటి పేజీ నియమం. అంటే నేను పలికిన ప్రతి పేరుకీ ఒక మనిషి పని వదిలేసి వస్తాడు.

మూడో గూటి మామ్మ మా గూళ్ళకి పెద్ద. ఇద్దరం వెళ్ళి అడిగాం. "ఆ ఒక్క పూటా పిలుపొచ్చినా రావొద్దని అందరికీ చెప్పెయ్యి మామ్మా."

మామ్మ చేపల వల అల్లుతూనే ఉంది.

"చెప్పనే."

"ఒక్క పూటే కదా మామ్మా."

"ఒక్క పూట రావొద్దంటే, రేపు నిజంగా పిలిచినప్పుడు ఆడు ఆలోచిస్తాడు. ఇది ఎళ్ళాల్సిన పిలుపా, మానాల్సిన పిలుపా అని. ఆడు ఆలోచించే లోపల మనిషి మునిగిపోతాడు. నా పెనిమిటి అలాంటి పిలుపుకే బతికొచ్చాడు. నీ గూడు పోతే నాకూ కన్నీళ్ళొస్తాయే పదకొండో గూడూ. కానీ ఆ మాట మాత్రం నా నోట రాదు."

ఆమె చెప్పింది తప్పని అనలేకపోయాను. పిలిస్తే తప్పు, పిలవకపోతే గూడు పోతుంది.

ఇంటికొచ్చాక ఆయన చేపల పందిరి కింద నిలబడి చాలాసేపు నీళ్ళవైపు చూశారు. "కాలనీ ఇల్లు బాగానే ఉంటదంటలే. కుళాయి తిప్పితే మంచినీళ్ళంట."

"మంచిదే."

"ఊగదు కదా ఆ ఇల్లు. నిద్రెట్టా పడతదే నాకు?"

నవ్వుతూనే అన్నారు. నేను లోపలికి వెళ్ళి అవసరం లేని గిన్నెలు కూడా తోమాను.

మార్చి 26, సోమవారం

పొద్దున్న పనులు: ఇల్లంతా తుడిచాను, డాక్టరు గారికి పెసరట్లు, అల్లం పచ్చడి. తర్వాతి పనులేవీ నేను అనుకున్నవి కావు.

డాక్టరు గారు పడవలో వచ్చారు. తూనీగని చుట్టూ తిరిగి చూశారు. "ఇరవై ఏళ్ళుగా ఎగిరేవాళ్ళకి సర్టిఫికెట్లు ఇస్తున్నానమ్మా. నేను మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు."

"ఎందుకండీ?"

"భయం."

బుగ్గన ఉంచుకోమని అల్లం ముక్క ఇచ్చాను. ముందు సీట్లలో నేనూ రత్నకుమారీ, వెనక డాక్టరు గారు. రత్నకుమారి కర్ర ముట్టుకోవచ్చు గాని నోరు విప్పకూడదు. ఆ పిల్లకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

లేపాను. గాలి తేలిగ్గా ఉంది. గూళ్ళన్నీ చుట్టి నడి నీళ్ళ మీదికి వచ్చాక వెనకనుంచి మాట వినిపించింది.

"సింహాద్రి."

రెండో గూటి సింహాద్రి. భార్య కడుపుతో ఉందని ఈమధ్య ఇంట్లోనే ఉంటున్నాడు. పిలిస్తే ఆమెని వదిలి వస్తాడు. తూనీగని కొంచెం పక్కకి వంచాను.

"సింహాద్రి," అని మళ్ళీ చెప్పారు డాక్టరు గారు, ఈసారి మెల్లగా, జాలిగా.

కింద మా గూడు కనిపించింది. చేపల వరుసలు ఈసారి తిన్నగా ఉన్నాయి. అవసరం లేకుండా పలకకూడదు అని కదా నియమం. మరి ఇది నాకు అవసరం కాదా? మనిషి మునిగితేనే అవసరమా, ఇల్లు మునిగితే కాదా?

"సింహాద్రి!" అన్నాను.

గుండెల మీద బిళ్ళ ఒక్కసారి వణికింది. పిలుపు వెళ్ళిపోయింది.

"తాతాజీ."

"తాతాజీ."

"నాగవరలక్ష్మి."

"నాగవరలక్ష్మి."

ఇక ఆగలేదు. ఒక్కో పేరుకీ బిళ్ళ వణుకుతూనే ఉంది. ఆరో పేరు బుల్లెమ్మ. మూడో గూటి మామ్మ పేరది. అయినా పలికాను. ఏడోది ఆమె మనవడిది, అదీ అయ్యింది.

"నూకరాజు," అన్నారు డాక్టరు గారు.

ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఆయన పేరు నేను ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. పద్దుల్లో రాశాను, చొక్కా కాలర్ల మీద కుట్టాను.

"నూకరాజు."

"ఎనిమిదికి ఎనిమిది!" అన్నారు డాక్టరు గారు ఆనందంగా. అప్పటిదాకా కళ్ళు మూసుకునే ఉన్నారట. ఇప్పుడు తెరిచారు. "అమ్మా... ఎవరమ్మా వీళ్ళంతా?"

కుడివైపు సింహాద్రి తూనీగ, భుజాన తువ్వాలుతో. ఎడమవైపు తాతాజీ, తెగిన వల ఇంకా తూనీగ అడుగున వేలాడుతూ. వాడి వెనక నాగవరలక్ష్మి, ఒక చేతికి పిండి. వెనక ఇంకా మూడు. వాటిలో ఒకదాంట్లో మనవడి నడుము పట్టుకుని మామ్మ, తెల్లటి జుట్టు గాలికి విరబోసుకుని, ఒళ్ళో పెద్ద తాడు చుట్ట పెట్టుకుని.

"మీరు పిలిపించినవాళ్ళేనండి," అన్నాను.

"ఏడుగురే ఉన్నారు కదా?"

రత్నకుమారి కిందికి వేలు చూపింది. నీళ్ళ మీద మా ఆయన, సగం గడ్డం గీసుకుని సగం నురగతో, తెడ్డు వేస్తూ వస్తున్నారు.

"ఆ మనిషిని తెడ్డు వెయ్యొద్దన్నాను!" అని డాక్టరు గారు భయం మర్చిపోయి కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచారు. "గుండె! గుండె!"

మామ్మ గొంతు రేడియోలో పేలింది. "పదకొండో గూడూ! ఎవరే మునిగింది?"

"ఎవరూ మునగలేదు మామ్మా."

"మరెందుకు పిలిచావే?"

"మునగబోతున్నది మా ఇల్లు మామ్మా. అందుకే పిలిచాను."

మామ్మ గొంతు తగ్గింది.

"పరీక్షయిందా?"

"అయ్యింది."

"ఎన్నొచ్చినాయి?"

"ఎనిమిదికి ఎనిమిదమ్మా!" అని డాక్టరు గారే అరిచి చెప్పారు.

"అయితే నీ బాకీ కూడా ఎనిమిదే. మనిషికి ఆపద లేకుండా పిలిస్తే, వచ్చినోళ్ళందరికీ ఓ పూట కూడెట్టాలి. మా అత్తల నాటి లెక్క. నాకు చేపల పులుసు కావాలి, చెప్తన్నా."

సింహాద్రి కిందికి దిగి మా ఆయన పడవకి తాడు కట్టి లాక్కొచ్చాడు. ఆయన పడవలో కాలు మీద కాలేసుకుని, ఊరేగింపులా చెయ్యి ఊపుతూ వచ్చారు. దిగాక డాక్టరు గారు నాడి చూశారు, తిట్టారు, నాలుగు పెసరట్లు తిన్నారు, నా మెడికల్ సర్టిఫికెట్ మీద సంతకం చేశారు. పాత ఉత్తరంలోని "వినపడుట లేదు" అన్న మాట కొట్టేసి పక్కన ఏదో రాశారు. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను: "వినుట మాత్రమే కాదు, వినిపించుట కూడా వచ్చును."

మార్చి 29, గురువారం

వంట తెల్లవారకముందే చేశాను. మిగతా పనులు రేపటికి.

నిన్న విద్యార్థి సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇవాళ రత్నకుమారి నాతో రెండు చుట్లు తిరిగి, తూనీగని ఆపి, ఒంటరిగా ఎగరొచ్చని సంతకం పెట్టి, తను దిగిపోయింది.

"ఎక్కడికే?"

"టీ తాగొస్తా. నువ్వు ఎళ్ళు పిన్నీ."

పక్క సీటు ఖాళీ అయ్యేసరికి తూనీగ ఎంత తేలికయిందో! నేననుకున్న చోటికన్నా ముందే లేచింది. వంట చేస్తూ నాలో నేను మాట్లాడుకోవడం నాకు అలవాటు. పైన కూడా అదే పని చేశాను. ఇప్పుడు మంట తగ్గించాలి. ఇప్పుడు మూత కొంచెం తియ్యాలి. అదిగో, పొంగుతోంది, గరిటె తిప్పు. ఎవరూ లేని ఆకాశంలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మూడుసార్లు దిగి మూడుసార్లు లేచాను. మూడోసారి దిగాక రత్నకుమారి తడి కళ్ళతో, ఒంటరిగా ఎగిరినట్టు రెండో సంతకం పెట్టింది. టీ గ్లాసు అలాగే చేతిలో ఉంది, నిండుగా.

"గుర్తుంచుకో పిన్నీ, విద్యార్థివి. పక్కన ఎవర్నీ ఎక్కించుకోకూడదు. పిల్లినైనా సరే."

"మాకు పిల్లి లేదు."

"బాబాయి ఉన్నాడుగా."

మార్చి 31, శనివారం

వండినవి: కొయ్యింగ చేపల పులుసు, రొయ్యల వేపుడు, తోటకూర పప్పు, పెరుగన్నం. తోటకూర డాక్టరు గారిది. పిలిపించింది తనే కాబట్టి సగం బాకీ తనదేనని గంపెడు ఆకుకూరతో వచ్చి కూర్చున్నారు. ఉల్లిపాయలు కూడా డాక్టరు గారే తరిగారు. ఒక్క ముక్క పక్క ముక్కంత లేదు.

గూళ్ళ లెక్కకి వచ్చిన గుమాస్తా గడపలోనే నిలబడి రాసుకున్నాడు. పదకొండో గూడు. ఎగిరే మనిషి: మల్లాడి భాగ్యవతి, విద్యార్థి. ఆకలిగా ఉందంటే అతనికీ పెట్టాను. అది బాకీ లెక్కలోకి రాదు.

సింహాద్రి తిన్నాడు, భార్యకి కూడా కట్టించుకున్నాడు. తాతాజీకి వల బాగుచేయించి ఇస్తానంటే, తనే చూసుకుంటానని ఇంకో చేప వేయించుకున్నాడు. మామ్మ పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పి మూడుసార్లు పోయించుకుంది. ఏడుగురూ వెళ్ళేసరికి ఎండ వాలింది.

గిన్నెలు సర్దుతూ ఆయనకి కంచం పెట్టాను. "మీదే ఎనిమిదోది. తింటే బాకీ తీరుతుంది."

"ఒప్పుకోను. రోజూ పెట్టే కూడే పెట్టి బాకీ తీరిందంటే ఎట్టా? నేను నురగ మొహంతో వచ్చాను."

"మరేం కావాలి?"

"తూనీగలో ఓ చుట్టు తిప్పు."

"విద్యార్థిని. మనిషిని ఎక్కించుకుంటే సర్టిఫికెట్టు పోతుంది. ఇంత గొడవా మళ్ళీ మొదటికొస్తుంది."

ఆయన కంచం పక్కకి జరిపారు. తర్వాత మెడలోంచి తన బిళ్ళ తీసి బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టారు.

"ఇప్పుడది నిద్రపోయింది. ఎవరు పిలిచినా నాకు వినపడదు. మొన్న గడ్డం గీసుకుంటున్నప్పుడు నాకు బిళ్ళ మోత వినపడిందే గాని, నీ గొంతు వినపడలేదు. ఆ మాట ఇక్కడ చెప్పు."

ఇంట్లో ఎవరూ లేకపోయినా నేను అటూ ఇటూ చూశాను. గూడు మెల్లగా ఊగుతోంది. చేతులు చీరకి తుడుచుకున్నాను.

"నూకరాజు," అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఇంకోసారి."

"పిలిచింది ఒక్కసారే. బాకీ కూడా ఒక్కసారే. పులుసు చల్లారిపోతోంది, తినండి."

బాకీ: ఏడుగురికి ఒక పూట భోజనం, చెల్లు. మల్లాడి నూకరాజుకి ఒక పిలుపు, చెల్లు.